పాత జీపు కొనే ముందు (కొండ మీద పాఠాలు – 17)



"మేడమ్, రెండు లక్షల పదివేలు పోగయ్యాయి. జీపు కొనేద్దామా?"

పది రోజుల కిందట మా కాలేజీలో డిగ్రీ చదివి వెళ్ళిన పిల్లలు పెట్టిన మెసేజ్ ఇది. తొమ్మిది మంది. ఒకమ్మాయి ఆశా కార్యకర్త. ఇద్దరు విశాఖలో సెక్యూరిటీ గార్డులు. మిగతావాళ్ళవి కాఫీ, పసుపు, రాజ్‌మా సాగు. మూడేళ్ళుగా చీటీ కట్టినట్టు నెలనెలా దాచారు. తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి వాళ్ళ ఊరికి నాలుగున్నర కిలోమీటర్లు. జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులొచ్చినా డోలీయే దిక్కు. ఆ రాళ్ళ దారి ఎక్కగలిగే పాత జీపు ఒకటి కొని ఊరికి ఉంచాలని వాళ్ళ ఆలోచన.

బండి కూడా చూసుకున్నారు. కింద మైదానంలో ఒక వ్యాపారి దగ్గర ఉందట. టర్బో ఇంజిను, ఫోర్ వీల్ డ్రైవ్, 2009 మోడలు. "పేరు మార్పించుకోడం అవీ ఎందుకు, ఖర్చు దండగ. డబ్బులిచ్చి తోలుకుపోండి" అన్నాడట.

నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. ఇవ్వలేకపోయాను అనాలి. కారణం కింద చెబుతాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. గ్రూపులో కాకుండా అందరి ముందూ ఎందుకంటే, జి.మాడుగుల నుంచి, పెదబయలు నుంచి, అనంతగిరి నుంచి ఇదే ప్రశ్న అడిగిన పిల్లలు చాలామందే ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. జీపు కొనండి. ఆ షరతు మీద మాత్రం వద్దు. కొన్నాక రోడ్డు అడగడం ఒక్క రోజు కూడా మానొద్దు.

ఇక కాస్త చుట్టుదారిలో వెళ్దాం. కిందటి డిసెంబరులో క్లాసులో ఒక కుర్రాడు ఫోనులో వీడియో చూపించాడు. మంచు మీద దూసుకుపోయే బండి. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక చక్రాల బదులు తిరిగే రబ్బరు పట్టా. స్నోమొబైల్ అంటారు. ఎవరో తెల్లాయన దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు, సూపర్‌ఛార్జర్ బిగించిన బండి. బెల్టు ఎప్పుడు మార్చాలో, కొనేముందు ఏం చూడాలో చెబుతున్నాడు. "మేడమ్, ఇది లంబసింగిలో నడుస్తుందా?" క్లాసంతా నవ్వు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కదా, నాకు మాట దగ్గర ఆగిపోయే జబ్బు ఉంది. మనకి పొగలా కమ్మేదీ మంచే, గడ్డి కొన మీద బొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. "ఆంధ్రా కశ్మీర్" అని పేరు పెట్టి శీతాకాలం తెల్లారగట్ల లంబసింగికి కార్లలో ఎగబడే జనం చూసేది మొదటి రకం మంచు. నీళ్ళు గడ్డకట్టేంత చలి అక్కడ ఎప్పుడో గాని రాదు. ఆ బండి అక్కడ అంగుళం కదలదని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి కుతూహలం కొద్దీ ఆ బండి పుట్టుక గురించి చదివాను. నవ్వు ఆగిపోయింది.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ అనే చిన్న ఊరు. జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అని ఒక గ్యారేజీ మెకానిక్. చలికాలమంతా అక్కడి పల్లె దారులు మంచులో పూడిపోయేవి. కార్లు షెడ్డులో పెట్టి గుర్రపు స్లెడ్జిలు తీసేవారు. 1934 చలికాలంలో అతని రెండేళ్ళ కొడుక్కి కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి దారి లేదు. పిల్లాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అంతకుముందు నుంచే తంటాలు పడుతున్న ఆ తండ్రి మరింత పట్టుదలగా పనిచేసి, 1937లో పట్టా చక్రాల పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నాడు. మొదట వచ్చిన బండి పేరు బీ7. ఏడుగురు కూర్చునేది. దాన్ని కొన్నది ఆటగాళ్ళు కాదు. పల్లె డాక్టర్లు, పశువుల డాక్టర్లు, టపా మోసేవాళ్ళు. తర్వాత పన్నెండు మంది పట్టే బీ12 వచ్చింది. స్కూలు పిల్లల్ని మోసింది, అంబులెన్సుగా తిరిగింది.

మా పిల్లాడు ఫోనులో చూపించిన ఆటబండికి తాత ఒక అంబులెన్సన్నమాట.

ఇప్పుడు అది ఆట ఎలా అయిందంటే, 1959లో అతని కంపెనీయే ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి స్కీ-డూ తీసింది. డబ్బూ తీరికా ఉన్నవాళ్ళకి అది సరదా అయింది. ఇదే తంతు మన కొండల్లోనూ చూస్తున్నాం. సెలవు రోజుల్లో అరకు దారి నిండా కొత్త ఫోర్ వీల్ బండ్లు. గెడ్డలో దింపి నీళ్ళు చిమ్మిస్తూ వీడియోలు తీసుకుంటారు. దాన్ని ఆఫ్‌రోడింగ్ అంటారు. అదే గెడ్డ దాటి పురిటి మనిషిని మోసుకెళ్ళడానికి మాత్రం పేరేమీ లేదు. ఆ సరదా మీద నాకు కోపం లేదు. ఆ గెడ్డకి అవతలి ఒడ్డు ఒకటి ఉందని, అక్కడ మనుషులుంటారని వాళ్ళకి తోచకపోవడం మీద ఉంది.

సూపర్‌ఛార్జర్ అన్నాను కదా, టర్బో అన్నా సూపర్‌ఛార్జర్ అన్నా పని ఒకటే. ఇంజినులోకి గాలిని ఒత్తి పంపడం. సూపర్‌ఛార్జర్ ఇంజిను నుంచి బెల్టుతో తిరుగుతుంది. టర్బో పొగగొట్టంలోకి పోయే వేడి వాయువుల తోపుతో తిరుగుతుంది. ఎత్తుకి వెళ్ళే కొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిను సత్తువ తగ్గుతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైమాటే. మామూలు ఇంజిను ఇక్కడికొచ్చేసరికి సుమారు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. అందుకే పది మందితో, రెండు బస్తాలతో కొండెక్కే జీపుకి టర్బో అక్కరకొస్తుంది. అందుకే అది పాడైతే ఖర్చూ ఎక్కువే. ఆ ఖర్చు నాకు ఎలా తెలిసిందో చెప్పేముందు మా తాత గురించి చెప్పాలి.

మా తాత ఎస్.కోట దగ్గర పల్లెలో ఒక పెద్దరైతు దగ్గర కంబారి. ఏడాదికి ఇన్ని కుంచాలని మాట్లాడుకుని పనిచేసే పాలేరు. బెల్లం దిమ్మలు బండికెత్తి సంతకి తోలేవాడు. దారంతా బండి మీద కూర్చునేవాడు గాని, ఊరి వీధి మొదలయ్యే చోట దిగి ఎడ్ల పక్కన నడిచేవాడు. మా నాన్న చిన్నప్పుడు అది చూసి, ఎడ్లు అలిసిపోయాయని దిగుతున్నాడనుకునేవాడట. పెద్దయ్యాక తెలిసింది.

బాబాసాహెబ్ జీవితంలో చాలీస్‌గావ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1929. అంటరానివాళ్ళ కష్టాల మీద విచారణ చేసే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా తిరుగుతూ అక్కడ రైలు దిగారు. స్టేషనులో గంట సేపు కూర్చోబెట్టారు. తర్వాత టాంగా వచ్చింది. వంతెన లాంటి కల్వర్టు మీద చక్రం రాయికి కొట్టుకుని ఆయన ఎగిరి రాళ్ళ మీద పడ్డారు. కాలు విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. తర్వాత తెలిసిందేమిటంటే, మహారు మనిషిని ఎక్కించుకుని తోలడానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. బండి కిరాయికిస్తాం, మేము మాత్రం తోలం అన్నారు. ఎప్పుడూ తోలని మనవాడొకడు పగ్గాలు పట్టుకున్నాడు.

ఈ సంఘటనని మనం అంటరానితనానికి ఉదాహరణగా చెబుతాం, సరైనదే. నాకు మాత్రం ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆ రోజు మనవాళ్ళ దగ్గర కిరాయి డబ్బులు ఉన్నాయి, బండి దొరికింది. తోలడం రాదు. పని తెలియడమనేదాన్ని కులం కొందరి చేతుల్లో దాచిపెట్టింది. బండి కొన్నాక కూడా దాని తాళమూ, దాని కాగితాలూ, దాని కిటుకులూ ఇంకొకరి దగ్గర ఉంటే మనం ఇంకా చాలీస్‌గావ్ స్టేషనులోనే కూర్చుని ఉన్నట్టు.

నేను ఐదేళ్ళ కిందట పాత జీపు కొన్నాను. కొండ మీద ఉద్యోగం, ఇల్లు కింద. బస్సు టైములకి క్లాసులు కుదరలేదు. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. అమ్మేవాడు బండి గురించి ప్రతి మాటా మా తమ్ముడితోనే చెప్పాడు. డబ్బులిచ్చేది నేనని తెలిశాక కూడా వాడితోనే చెప్పాడు. నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న "మైలేజీ ఎంతండీ". సిగ్గు విడిచి చెబుతున్నాను, పీహెచ్‌డీ చేసిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. మేము వెళ్ళేసరికే ఇంజిను వేడిగా ఉంది. ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్న అనుమానం కూడా రాలేదు. ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున్న అర్థమైంది, చల్లని ఇంజిను ఎంత బతిమాలితే లేస్తుందో.

సరే, అది సర్దుకుంది. అసలు తప్పు నాదే. ఘాటు ఎక్కి వచ్చి, కాలేజీ గేటు దగ్గర గబుక్కున తాళం తిప్పి దిగిపోయేదాన్ని. టర్బో లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది. దాని ఇరుసుకి ఇంజిను ఆయిలే ప్రాణం. ఎక్కుడు మీద బాగా కాగిన ఇంజినుని ఒక్కసారి ఆపేస్తే ఆయిలు రావడం ఆగిపోతుంది, లోపలున్నది మాడి బొగ్గవుతుంది. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పైగా ఆయిలు మార్పించడం "వచ్చే నెల, వచ్చే నెల" అని వాయిదా వేశాను. మూడో ఏడు జులైలో ఎక్కుడు మీద ఈల లాంటి చప్పుడు, వెనక నీలం పొగ. ఎస్.కోటలో షెడ్డులో పెట్టాను. టర్బో విప్పి పంపించారు. ఎనిమిది రోజులు, 32 వేలు.

ఐదో రోజు రాత్రి పదకొండు గంటలకి ఫోను. మా విద్యార్థి అక్క. నెలలు నిండకుండా నొప్పులు. డోలీ కట్టి కిందికి దింపుతున్నాం, రోడ్డు దగ్గరకి జీపు తెస్తారా మేడమ్ అని. 108 వస్తుంది, రావడానికి టైము పడుతుందన్నారట. నా జీపు ముక్కలుగా నేల మీద ఉంది. నాకు తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన బయల్దేరేసరికి రెండున్నర. వానలో వాళ్ళు రోడ్డు పక్క చెట్టు కింద టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. త్వరగా తెస్తే దక్కేదని డాక్టరు అనలేదు. దక్కేది కాదని కూడా అనలేదు. ఆ అబ్బాయి నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇవాళ జీపు కొందామా అని అడిగిన తొమ్మిది మందిలో అతనొకడు. నేను పది రోజులు జవాబివ్వలేకపోయింది అందుకే.

కాబట్టి అమ్మా, నాయనా, ఇక నుంచి చెప్పేది జాగ్రత్తగా వినండి.

బండి చూడ్డానికి తెల్లారకుండానే వెళ్ళండి. ముందే కబురు పెట్టండి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయండి. చల్లగా ఉంటేనే తాళం తిప్పమనండి. లేవగానే వచ్చే పొగ చూడండి. ఎంతకీ ఆగని నీలం పొగ అంటే ఆయిలు మండుతోంది. ఎక్కుడు మీద దట్టంగా నల్ల పొగ అంటే డీజిలు సరిగా మండటం లేదు, పంపో, ఇంజెక్టర్లో, టర్బోనో చూపించాలి. వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే ఆ బండి జోలికి పోవద్దు. ఇంజిను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీయండి. కొలిమితిత్తిలా పొగ ఎగదన్నుతుంటే లోపల పిస్టన్లు, రింగులు అరిగిపోయినట్టే. రంగు కొత్తగా వేయించినా, సీట్లు కొత్తవేసినా ఆ మూత అబద్ధం చెప్పదు.

టర్బో దగ్గర గాలి గొట్టం ఊడదీయించి చూడండి. లోపల ఆయిలు తేమ కాస్త ఉంటే సరే. కారుతుంటే వద్దు. చిన్న చక్రాన్ని వేలితో కదపండి, ఇంజిను ఆపాక సుమా. అటూ ఇటూ కాస్త ఊగొచ్చు. ముందుకీ వెనక్కీ జరిగితే, గోడకి రాసుకుంటే దాని ఆయుష్షు అయిపోయినట్టు. ఎస్.కోటలో నా బండి బాగుచేసిన బాబాయి ఇది నాకు చూపించాడు. "ఏటమ్మా, ఇన్నాళ్ళూ దీన్ని సూడకుండానే తోలేవా" అని నవ్వాడు. ఆ రోజే అతని పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత సెలవుల్లో ఆరు ఆదివారాలు కూర్చున్నాను. నాకు డాక్టరేటు ఇచ్చిన గైడు గారికి ఎంత రుణపడ్డానో ఆయనకీ అంతే.

బండి కిందకి దూరండి. ఛాసిస్ మీద సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోండి. ఖంగుమనాలి. మెత్తగా మోగితే తుప్పు. భీమిలి వైపు తిరిగిన బండి అయితే ఉప్పుగాలి తినేసి ఉంటుంది. కార్పెట్ ఎత్తి చూడండి, సీటు పట్టాలకి ఒండ్రు ఉందేమో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి బెజవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం కదా, అవన్నీ ఎక్కడికి వెళ్ళాయనుకున్నారు? ఢిల్లీ నంబరు బండి చవగ్గా వస్తోందంటే దాని కథా తెలుసుకోండి. పదేళ్ళు దాటిన డీజిలు బండిని రోడ్డెక్కనివ్వొద్దని పొగ భయంతో ఆ నగరంలో ఆదేశాలు వచ్చాయి. ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రాలకి అమ్మేస్తారు. వాళ్ళ ఊపిరితిత్తులకి పనికిరానిది మన ఊపిరితిత్తులకి పనికొస్తుందన్నమాట!

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి బాగానే ఉందనుకుని ఎనిమిదేళ్ళ టైరుతో ఘాటు దిగకండి. ఫోర్ వీల్ పడుతుందో లేదో బురదలోనో కంకర మీదో చూడండి. గట్టి తారు మీద వేసి మలుపులు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి, ఉన్న బండి కూడా పాడవుతుంది.

కొన్నాక బ్రేకు ఆయిలు ముందు మార్చండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాటు దిగేటప్పుడు వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడలు నేలకి తగిలినా బండి ఆగదు. రెండేళ్ళకొకసారి మార్చాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. డీజిలు పోతుందని న్యూట్రల్‌లో దింపే డ్రైవరు ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ రోజే తాళం తీసేసుకోండి. రేడియేటరులో గెడ్డ నీళ్ళు పోయకండి, లోపల తుప్పు పడుతుంది. వానాకాలం డీజిలు ఫిల్టరు కింద మర తిప్పి నీళ్ళు వంపేయండి. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు గోడ మీద రాయండి. ఇంట్లో గోడ మీద కాదు, ఊళ్ళో అందరూ చూసే గోడ మీద.

ఇక కాగితాలు. మీరు తేలిగ్గా తీసుకున్నది ఇదే. నేను అస్సలు ఒప్పుకోనిదీ ఇదే.

"పేరు మార్పు ఎందుకు" అన్నవాడు మీ మేలు కోరి అనలేదు. బండి మీద ఫైనాన్సు బాకీ ఉండొచ్చు. ఆర్‌సీలో హైపోథికేషన్ అని ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా పైసా ఇవ్వకండి. పేరు మారాలంటే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలూ కావాలి. ఛాసిస్ నంబరు కాగితంతో కాదు, ఇనుము మీద చెక్కినదానితో పోల్చుకోండి. 2009 బండికి పదిహేనేళ్ళు నిండిపోయాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా, ఫిట్‌నెస్ ఉందా, గ్రీన్ టాక్స్ కట్టారా? ఇవన్నీ లేని బండి మీ చేతికొస్తే మొదటి చెక్‌పోస్టులో అది వ్యాపారిది కాదు, మీది. కొండ కుర్రాళ్ళు, కాగితాల్లేని జీపు. గంజాయి పేరుతో ప్రతి ఏజెన్సీ కుర్రాణ్ణీ దొంగలా చూసే రోజుల్లో దాని అర్థం నేను వివరించక్కర్లేదు.

అదే బండి బాగా నడిచి, రెండేళ్ళయ్యాక ఆయన వచ్చి "బండి నా పేరు మీద ఉంది" అంటే? కోర్టుకి కనిపించేది రిజిస్టరులో ఉన్న పేరే. 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుడు మీ భూమి రాయించుకోలేడు. దళితురాలినైనా నేను కూడా ఇక్కడ సెంటు కొనలేను, కొనకూడదు, ఆ చట్టం అలాగే ఉండాలి. బండికి మాత్రం అలాంటి చట్టం లేదు. నేను రోజూ చూసే స్టాండులో తోలేవాళ్ళు ఆదివాసీ కుర్రాళ్ళు, ఓనర్లు కిందివాళ్ళు. భూమి దగ్గర గడప దాటలేని షావుకారు స్టీరింగు దగ్గర దర్జాగా కూర్చున్నాడు.

మనకి సెకండ్ హ్యాండ్ అనేది కొత్త కాదు. వాడి వదిలేసిన బట్ట, తినగా మిగిలిన కూడు, చచ్చిన గొడ్డు, తరతరాలు మన వాటాగా ఇచ్చినవన్నీ వాడేసినవే. మహాడ్ రోజుల్లో బాబాసాహెబ్ వాటిని ముట్టొద్దన్నారు. అందుకే పాత జీపు అన్నప్పుడు నా మనసులో కొంచెం గుచ్చుకుంటుంది. కాని ఇచ్చింది తీసుకోవడం ఒకటి, మూత తీసి చూసి, బేరమాడి, మన పేరు మీద రాయించుకుని తెచ్చుకోవడం ఇంకొకటి. ఆ తేడా అంతా ఆర్‌సీ కార్డు మీద ఒక్క వరుసలో ఉంటుంది.

ఎవరి పేరు మీద రాయించాలి? ఒకరి పేరు మీద వద్దు. స్నేహం మీద నమ్మకం లేక కాదు, రేపు అతను పెళ్ళి చేసుకుంటాడు, అప్పు చేస్తాడు, చచ్చిపోవచ్చు కూడా. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు, మీరు తొమ్మిది మంది ఉన్నారు. బండి సొసైటీ పేరు మీద ఉండాలి. కిరాయికి మనుషుల్ని ఎక్కించాలనుకుంటే పసుపు ప్లేటు, పర్మిట్ తీసుకోండి. తెల్ల ప్లేటు మీద తలకింత అని వసూలు చేస్తే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాడు చేతులెత్తేస్తాడు. ఇంకోటి, చవకని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టకండి. అది రోడ్డు మీద ఎదుటివాడి కోసం. లోపల కూర్చున్న మీ అమ్మకి, మీ చెల్లికి మామూలుగా వర్తించదు. లోపలివాళ్ళకి వర్తించేలా విడిగా ప్రీమియం కట్టండి. అందుకు చాలకపోతే ఇంకో ఆరు నెలలు దాచండి.

తోలడం కనీసం నలుగురు నేర్చుకోవాలి, అందులో ఇద్దరు ఆడపిల్లలు. దీని మీద చర్చ లేదు. మగపిల్లలందరూ కూలికి విశాఖ వెళ్ళిన నెలలో జీపు షెడ్డులో నిద్రపోకూడదు.

ఇప్పుడు మళ్ళీ వాల్‌కోర్ట్ వెళ్దాం, ఆ కథలో నేను ఇంతసేపూ దాచిన ముక్క ఒకటుంది. బొంబార్డియర్ మంచు బండ్లు బాగా అమ్ముడుపోతున్న రోజుల్లో, 1948లో క్యూబెక్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. హైవేలే కాదు, పల్లె రోడ్ల మీద కూడా మంచు తొలగించాలని. ఏడాదిలో అతని అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. డాక్టరుకి, టపావాడికి మామూలు కారు చాలు, ఇక ఆ బండెందుకు? అతను గనులకి, అడవి పనులకి వేరే యంత్రాలు చేసుకోవాల్సి వచ్చింది.

కొడుకు చనిపోయిన తండ్రి కష్టపడి చేసిన బండి గొప్పదే. ఆ బండి అక్కర్లేకుండా చేసిన రోడ్డు ఇంకా గొప్పది. ప్రభుత్వం తన పని చేసిన ఏడాదికే అంత తేడా వచ్చింది.

మన దగ్గర? పీఎంజీఎస్‌వైలో మైదానానికి 500 మంది జనాభా లెక్కయితే, షెడ్యూల్డ్ ప్రాంతాలకి 250. మన కొండల్లో ఊరంటే ముప్పై గడపలు, నలభై గడపలు. లెక్కలోకే రాని ఊళ్ళు ఎన్నో. 2023 నవంబరులో మొదలైన పీఎం-జన్‌మన్‌లో ఆ లెక్క 100కి దిగింది, అది కూడా ఆదిమ తెగల ఆవాసాలకి. 2018లో ఫీడర్ అంబులెన్సులని బైకులు పంపారు. 2025 ఏప్రిల్లో డుంబ్రిగూడలో "అడవి తల్లి బాట" అని రోడ్లకి శంకుస్థాపనలు చేశారు. రోడ్లు పడిన చోట మంచిదే, పడింది పడిందనే చెబుదాం. పడని చోటు గురించి మాట్లాడటం మన పని.

మన్యంలో రోడ్డు మాటకి ఇంకో చరిత్ర ఉంది, మీరు పాఠాల్లో అల్లూరిని చదివేటప్పుడు ఒక్క వాక్యంలో దాటేసేది. గూడెం కొండల్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకి కూలి ఎగ్గొట్టి గొడ్డుచాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిన కోపంలో ఆ రోడ్డు కూలి కూడా ఉంది. కలపకి, పన్నుకి, పోలీసుకి దారి కావలసినప్పుడు కొండల్లోకి రోడ్లు ఎంత వేగంగా వచ్చాయో చూడండి. ఇనప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలు అన్ని సొరంగాలు తొలుచుకుని వచ్చింది. ఆ లైను మీద శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకి రైలు ఎక్కించగలిగిన దేశం నాలుగున్నర కిలోమీటర్ల తారు వేయలేదంటే నేను నమ్మను.

నా భయం ఒకటే. మీ జీపు బాగా నడుస్తుంది, రెండు మూడు ప్రాణాలు నిలబడతాయి, పేపర్లో ఫోటో వస్తుంది, "గిరిజన యువత ఆదర్శం" అని శీర్షిక పెడతారు. ఏదో ఒక ఆఫీసులో ఎవరో మీ ఊరి ఫైలు మీద "వాహన సౌకర్యం కలదు" అని రాస్తారు. అందుకని జీపు కొన్న రోజే గ్రామసభ పెట్టి తీర్మానం రాయండి. రోడ్డు లేనందువల్ల ఊరి జనం సొంత డబ్బు ఇంత ఖర్చుపెట్టి బండి కొనవలసి వచ్చింది అని, అంకె వేసి. ప్రతి నెలా డీజిలు, మరమ్మతు లెక్క దానికి జతచేసి పాడేరులో ఐటీడీఏకి ఒక కాపీ, కలెక్టరుకి ఒక కాపీ, రసీదు తీసుకుని ఇవ్వండి. ఎంతమందిని మోశారో, ఎన్ని గంటలు పట్టిందో కూడా. ఆ రిజిస్టరు నేను చూస్తాను, ప్రతి నెలా. తప్పుల్లేని తెలుగులో రాయండి, మార్కులు వేస్తాను.

వచ్చే ఆదివారం ఎస్.కోటలో ఇంకో బండి ఉందని బాబాయి చెప్పాడు. ఓనరు పేరు మార్పుకి ఒప్పుకున్నాడు. పొద్దున్న ఐదున్నరకల్లా షెడ్డు దగ్గర ఉండండి. బాబాయి కూడా వస్తాడు, అతని కూలి ఐదు వందలు విడిగా పెట్టుకోండి, ఊరికే చేయించుకోవద్దు. టార్చిలైటు, చిన్న సుత్తి, పాత దుప్పటి తేండి, బండి కిందకి దూరాలి. ఆశా చెల్లీ, నీ లెర్నింగ్ లైసెన్సుకి ఆధార్ కాపీ, రెండు ఫోటోలు మర్చిపోకు.